నెట్ లైఫ్ సైన్సెస్: పి53ని నేను మళ్లీ మొదటి నుంచి ఎలా చదివానంటే

ఫ్రెండ్స్, నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ సిలబస్ నాలుగో యూనిట్‌లో క్యాన్సర్ దగ్గరికి రాగానే మనలో చాలామంది, కణాలు క్యాన్సర్‌గా మారకుండా ఆపే పి53 అనే ప్రోటీన్ పక్కన "జీనోమ్ కాపలాదారు, 17వ క్రోమోజోమ్, 393 అమైనో ఆమ్లాలు" అని రాసుకుని పేజీ తిప్పేస్తాం. మొదటి రెండు అటెంప్టుల్లో నేనూ అంతే చదివాను. పేపర్‌లో పార్ట్ బిలో ఆ లైను ఎప్పుడైనా పనికొస్తుందేమో గానీ, ఆలోచించి రాయాల్సిన పార్ట్ సిలో అస్సలు సరిపోదు.

ఒక మాక్ టెస్ట్‌లో వచ్చిన ప్రశ్న చెప్తాను. ట్యూమర్ ముక్కను పి53 యాంటీబాడీతో (పి53 ఉన్నచోట రంగు తెచ్చేది) స్టెయిన్ చేస్తే దాదాపు అన్ని న్యూక్లియస్‌లూ ముదురు గోధుమ రంగులో కనిపించాయి, అయితే ఆ జీన్ ఎలా ఉండి ఉంటుంది? ప్రోటీన్ అంత ఉందంటే జీన్ బాగానే ఉందని పెట్టాను. తప్పు, జీన్‌లో మ్యుటేషన్ ఉందన్నది జవాబు. నాలుగు మార్కులు రాలేదు, పైగా నెగెటివ్. చెడిపోయిన ప్రోటీన్ తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది అన్నది ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మర్నాటి నుంచి నోట్స్ పక్కన పెట్టి ఈ ఒక్క విషయం మీదే కూర్చున్నాను.

నాకు దారి చూపించింది ఒక తొట్టి బొమ్మ. పైన కుళాయి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కింద బెజ్జంలోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. మామూలు కణంలో పి53 సరిగ్గా ఇలాగే ఉంటుంది, కణం దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది కానీ దాని అర్ధాయువు సుమారు 20 నిమిషాలే. ఆ బెజ్జం పేరు ఎండీఎం2, అదీ ఒక ప్రోటీనే. అది పి53ని పట్టుకుని యుబిక్విటిన్ అనే చీటీ తగిలిస్తుంది, ఆ చీటీ ఉన్నవాటిని కణంలోని ప్రోటియాజోమ్ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. ఇందులో అందమైన సంగతి ఏమిటంటే ఎండీఎం2 జీన్‌ని ఆన్ చేసేది పి53యే, అంటే తనను చంపేదాన్ని తనే పుట్టిస్తుంది, పెరిగినకొద్దీ తన మీద అదుపూ పెరుగుతుంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అని ఎన్నిసార్లు బట్టీ పట్టినా బుర్రకెక్కనిది ఈ బొమ్మ గీశాక ఎక్కింది.

ఇప్పుడు డీఎన్‌ఏ రెండు పోగులూ తెగాయనుకోండి. ఏటీఎం, చెక్2 అనే ఎంజైములు వస్తాయి, ఏటీఎం పి53లో 15వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద, చెక్2 20వదైన సెరీన్ మీద ఫాస్ఫేట్ పెడతాయి, ఏటీఎం ఎండీఎం2ని కూడా వదలదు. పి53 మీద ఎండీఎం2 పట్టు సడలుతుంది, బెజ్జం మూసుకుంటుంది, తొట్టి నిండుతుంది. కుళాయిని ఎవరూ ఎక్కువ తిప్పలేదని గమనించండి, ఎంఆర్‌ఎన్‌ఏ (జీన్ నుంచి వచ్చే నకలు) పెద్దగా పెరగకుండానే ప్రోటీన్ పెరుగుతుంది, ఎంఆర్‌ఎన్‌ఏని చూపే నార్తర్న్, ప్రోటీన్‌ని చూపే వెస్టర్న్ బ్లాట్లు పక్కపక్కన ఇచ్చి అడిగేది ఇదే. ఆ తర్వాత పి21 ప్రోటీన్ వచ్చి కణ చక్రాన్ని ఆపడం, డీఎన్‌ఏని బాగుచేయలేకపోతే ప్యూమా, బాక్స్ ప్రోటీన్ల ద్వారా అపోప్టోసిస్ (కణం తనను తాను చంపుకోవడం), ఇవి మీకు వచ్చినవే. ఆంకోజీన్ (క్యాన్సర్‌ని పెంచే జీన్) ఒత్తిడి అయితే దారి వేరు, అక్కడ ఏఆర్‌ఎఫ్ అనే ప్రోటీన్ వచ్చి ఎండీఎం2ని కట్టేస్తుంది.

ఇక నేను తప్పు పెట్టిన ప్రశ్న. క్యాన్సర్లలో పి53కి ఎక్కువగా కనిపించేవి మిస్‌సెన్స్ మ్యుటేషన్లు, అంటే ఒక అమైనో ఆమ్లం మారేవి, 175, 248, 273 స్థానాలు గుర్తుపెట్టుకోండి, అన్నీ డీఎన్‌ఏని పట్టుకునే భాగంలోవే. అలాంటి పి53 ఎండీఎం2 జీన్‌ని ఆన్ చేయలేదు. బెజ్జం తయారు కాదు, నీళ్లు నిలిచిపోతాయి, అందుకే ఆ ముదురు రంగు. ఇదొక్కటే కారణం కాదు, హెచ్‌ఎస్‌పీ90 లాంటి షాపెరాన్లు (ఇతర ప్రోటీన్లకు తోడుండే ప్రోటీన్లు) కూడా ఆ చెడిన ప్రోటీన్‌ని కాపాడతాయి. ప్రోటీన్‌ని మధ్యలోనే ఆపేసే నాన్‌సెన్స్ మ్యుటేషన్ అయితే మాత్రం రంగే రాకపోవచ్చు, అదీ మ్యుటేషనే. పి53 నాలుగు కలిసి పనిచేసే ప్రోటీన్ కాబట్టి చెడ్డది మంచిదాన్ని కూడా పాడు చేస్తుందన్నది దీనికి జతచేసి చదవండి. 1979లో కనిపెట్టినప్పటి నుంచి దాదాపు పదేళ్లు దీన్ని ఆంకోజీన్ అనే అనుకున్నారు, ఎందుకంటే ముందు వాళ్ల చేతికి చిక్కిన క్లోన్లలో మ్యుటేషన్లు ఉన్నాయి, 1989లో గానీ ట్యూమర్ సప్రెసర్ (ట్యూమర్‌ని ఆపేది) అని తేలలేదు. అంత పెద్ద ల్యాబుల్లోనే అలా జరిగిందంటే మాక్ టెస్ట్‌లో తప్పు పెట్టినందుకు కుంగిపోవద్దు.

అప్పటి నుంచి ఈ టాపిక్‌లో ఏ ప్రశ్న వచ్చినా ముందు నేను చూసేది బెజ్జం ఎక్కడుందనే. లైపోసార్కోమా అనే కొవ్వు కణజాల క్యాన్సర్‌లో చాలావరకు పి53 జీన్ మామూలుగానే ఉంటుంది, ఎండీఎం2 కాపీలు పెరిగిపోయి బెజ్జం పెద్దదవుతుంది. ఎండీఎం2 తీసేసిన ఎలుక పిండం చనిపోతుంది, పి53 కూడా తీసేస్తే బతుకుతుంది, ఈ ప్రయోగాన్ని మాత్రం వదలొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్ తాలూకు ఈ6 ప్రోటీన్, కణంలోని ఈ6ఏపీ అనే ప్రోటీన్‌ని తోడు తెచ్చుకుని వేరే బెజ్జం పెడుతుంది.

పడుకునే ముందు ఒకటి చేసి చూడండి. న్యూట్లిన్ అనే మందు ఎండీఎం2, పి53 కలవకుండా అడ్డుపడుతుంది. దాన్ని లైపోసార్కోమా కణాలకూ, హెచ్‌పీవీ-18 ఉన్న హీలా కణాలకూ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసి ల్యాబుల్లో పెంచేవి) ఇస్తే పి53 ఎందులో బాగా పెరుగుతుంది? ఆప్షన్లు చూడకుండా రెండు తొట్లు గీయండి.