మాంచెస్టర్ ఆర్గస్

మాంచెస్టర్ నుంచి లివర్‌పూల్ వెళ్లే పాత రైలుదారి చాట్ మాస్ అనే ఊబి నేల మీదుగా పోతుంది. 1820ల్లో రైల్వే ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ ఇక్కడ పట్టాలు వేయబోతే వేసిందల్లా దిగబడిపోయేదట. చివరికి కొమ్మలూ హెదర్ పొదలూ మోపులుగా పరిచి, వాటిమీద తేలేలా వేయించాడు. ఆ ఊబిలో తిరిగే సీతాకోకచిలుకకి ఒకప్పుడు మా ఊరి పేరే ఉండేది: మాంచెస్టర్ ఆర్గస్. ఇప్పుడు లార్జ్ హీత్ అంటున్నారు. లార్జ్ అన్నారే గానీ, రెక్కలు చాచినా నాలుగు సెంటీమీటర్లే.

వాలిందంటే రెక్కలు మూసేస్తుంది. కాబట్టి మనకు కనిపించేది అడుగువైపు బూడిద గోధుమరంగు, అంచున కళ్లలాంటి నల్లచుక్కలు. లాంకషైర్‌లో ఈ చుక్కలు పెద్దవి, ఉత్తర స్కాట్లాండ్‌లో దాదాపు ఉండవు. వెచ్చటి చోట ఎక్కువగా ఎగురుతుంది, పిట్టల కంట పడుతుంది. పిట్ట ఒంటిని వదిలి చుక్కని పొడిస్తే రెక్క చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. చలిచోట ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటుంది కనక చుక్కలు లేకపోతేనే దాక్కోవడం తేలిక. పరిశోధకులు చెప్పే ఈ కారణం నాకు భలే నచ్చింది.

గొంగళిపురుగు ముఖ్యంగా తినేది ఒక్కటే, తెల్లటి దూదికుచ్చులు పూసే కాటన్ గ్రాస్. చలికాలమంతా ఆ గడ్డిదుబ్బు మొదట్లోనే గడుపుతుంది. నీళ్లలో మునిగినా కొంతకాలం బతుకుతుంది, మరీ ఎక్కువ రోజులైతే చచ్చిపోతుంది. అందుకే ఎండిన ఊబిని బాగుచేయాలని కాలవలు మూసి ఒక్కసారిగా నీళ్లు నింపడం కుదరదు. దుబ్బులు ఎత్తుగా ఉండాలి, నీళ్లు మెల్లగా పెరగాలి.

చాట్ మాస్‌ని ఎండగట్టి, మాంచెస్టర్ మలమూత్రాలు ఎరువుగా పోసి పొలాలు చేశారు. తర్వాత పీట్, అంటే ఊబిలో కుళ్లీ కుళ్లని మొక్కలు పేరుకుని ఏర్పడే నల్లమట్టి, తవ్వి కంపోస్టుగా అమ్మారు. పీట్ పేరుకునేదేమో ఏడాదికి మిల్లీమీటరు! వందేళ్లకు పైగా ఈ సీతాకోకచిలుక ఇక్కడ లేనేలేదు. లాంకషైర్‌లోనే ఉన్న విన్మార్లీ మాస్ అనే మరో ఊబిలో మిగిలిన వాటి సంతతిని చెస్టర్ జూలో పెంచి, 2020లో ఇక్కడి ఆస్ట్లీ మాస్‌లో వదిలారు.

ఇది తెలిశాక నేను కుండీల్లోకి 'పీట్ ఫ్రీ' అని రాసున్న బస్తానే కొంటున్నా. గోంగూర ఏపుగా రాకపోతే మా ఆయన తప్పంతా ఆ బస్తా మీదకే తోస్తారు. ఇక్కడ ఎండ లేదన్న సంగతి మాత్రం ఒప్పుకోరు.