సీలేరు నీళ్ల దారిలో

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్లే రోడ్డంటే మా కోనసీమ కుర్రాళ్లకి బొంగు చికెన్, జలపాతాలు, ఆదివారం పిక్నిక్. ఈరోజు అదే రోడ్డు మీద నాన్నతో వెళ్లాను, రోజంతా నీళ్ల కబుర్లే.

చెల్లి చింతూరులో నర్సు. సెలవులు అయిపోయాయి, సామాను ఎక్కువుంది, కార్లో దింపొద్దామని నేను బయల్దేరుతుంటే నాన్న కూడా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేశారు. దాళ్వా, అంటే రెండో పంట వరి, చిరుపొట్ట మీదుంటే (వెన్ను లోపల కట్టే దశ) గట్టు వదలని మనిషాయన. మాది ముమ్మిడివరం దగ్గర, గోదావరి సెంట్రల్ డెల్టాలో కాలవ చివరన ఉండే శివారు భూమి. కాలవ నీళ్లు వంతులవారీగా వదలడం పెట్టాక మా బోదెకి, అంటే చేలకి నీరిచ్చే పిల్లకాలవకి, నీరు ఎక్కేసరికి పైవాళ్ల చేలన్నీ తడిసిపోయి ఉంటాయి, అందుకే ఈ రెండు నెలలూ ఇంట్లో ఎప్పుడూ టెన్షనే.

రావులపాలెం, గౌతమి వంతెన, జొన్నాడ, కడియపులంక నర్సరీలు అన్నీ ఎరిగిన దారే. కోరుకొండ దాటి గోకవరం వైపు వెళ్తుంటే మాత్రం నేల ఎర్రబడుతుంది, వరి తగ్గి జీడిమామిడి తోటలు మొదలవుతాయి. నాన్న అద్దం దింపి పూతంతా చూసుకుంటూ కూర్చున్నారు. రంపచోడవరం దాకా ఇప్పుడిది 516ఈ జాతీయ రహదారి, అక్కణ్ణించి అది కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోతుంది. లంబసింగి రోడ్డు పనుల్లో మన్యం వాళ్లచేత వెట్టి చేయించుకుని కూలి ఎగ్గొట్టడం కూడా 1922 నాటి అల్లూరి తిరుగుబాటుకి ఒక కారణం. ఆ అక్టోబరులో రంపచోడవరం పోలీస్ స్టేషన్ మీద కూడా దాడి జరిగింది. ఈ కొండల్లో రోడ్డు వేయడం అంటే ఏమిటో ఆ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుందని నాకనిపిస్తుంది.

మారేడుమిల్లి దాటాక అసలు ఘాట్. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. ఒక మలుపు దగ్గర కాస్త వెడల్పుంటే ఆపాం. రోడ్డు వార పట్టా పరిచి ఒకావిడ చింతపండు కొడుతోంది. కాయ మీద చిన్న చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేసి, పెంకు ఊదేసి, ఈనెలు లాగేసి, గింజ ఒక పక్కకి, గుజ్జు ఒక పక్కకి వేస్తోంది. వెనక కొండచీపుళ్లు ఆరేసి ఉన్నాయి. "కిలో ఎంతమ్మా?" అని నాన్న అడిగారు, ఆవిడ చెప్పిన ధరకి మారుమాట్లాడకుండా మూడు కిలోలు కట్టించారు. సంతలో పావలా దగ్గర కూడా బేరమాడే మనిషి! కారెక్కాక, "ఆ పని మనం ఒక పూట కూడా చెయ్యలేంరా" అన్నారు.

చింతూరులో శబరి వంతెన మీద కారాపమన్నారు.

"సీలేరు ఇదేనేంట్రా?"

"ఇది శబరి నాన్నా. సీలేరు పైన మోటు దగ్గరే దీన్లో కలిసిపోయింది."

దాళ్వా రోజుల్లో మా ఇంట్లో పేపర్ తెరిస్తే ముందు చూసేది సీలేరు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారనే. వర్షాలు పోయాక గోదావరిలో సొంత ప్రవాహం పడిపోతుంది. అప్పుడు 10 లక్షల ఎకరాల డెల్టాకి పెద్ద ఆధారం సీలేరే. డొంకరాయి నీళ్లు పొల్లూరులో 460 మెగావాట్ల పవర్‌హౌస్ టర్బైన్లు తిప్పి, సీలేరులోంచి శబరిలోకి, కూనవరం దగ్గర గోదావరిలోకి, పాపికొండలు దాటి ధవళేశ్వరం వస్తాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, న్యాయమే, కానీ ఈ కొండల పేరు మా వైపు ఎవరూ ఎత్తరు.

చెల్లి ఉంటున్న వీధిలో ఒకింటి గోడకి 2022 జూలై వరద మరక ఇంకా ఉంది, నా భుజం కంటే ఎత్తులో. అప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, శబరి ఎగదన్ని చింతూరు మీద పడింది. పైగా ఇది పోలవరం ముంపు మండలం. మాకు నీళ్లు వచ్చే దారిలో ఉన్న ఊళ్లే మా నీళ్ల కోసం ఖాళీ చెయ్యాలి. పరిహారం, కొత్త ఇల్లు చేతికి అందకుండా వాళ్లని కదిలించడం అన్యాయమని డెల్టా రైతులే ముందు అడగాలి. నాన్నతో ఈ మాటంటే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు గోకవరం దగ్గర టీ తాగుతూ, మా నీటి సంఘం మీటింగ్ ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కున్నారు. ఈ సంగతి అక్కడ ఎత్తుతారట, నన్ను కూడా రమ్మన్నారు.