చిత్తూరు గుజ్జు కంపాలా చేరిన తోవ: నా అనుభవం

చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం చేసే ఒక చిన్న సంస్థలో ఎగుమతి పత్రాలు సిద్ధం చేయడం నా పని. గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు సరుకు పంపడం మాకు అలవాటే. 2024 జూలైలో ఉగాండా రాజధాని కంపాలా నుంచి మొదటి ఆర్డరు వచ్చినప్పుడు మాత్రం, ఒక్క కంటైనరు పంపడానికి ఆఫ్రికా దేశాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాలన్నిటినీ కూర్చుని చదవవలసి వచ్చింది.

మన వైపు పని త్వరగానే ముగిసింది. తోతాపురి గుజ్జు, 215 కిలోల డ్రమ్ములు 80, మొత్తం 17,200 కిలోలు. వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడాలో నమోదు, ఎగుమతి కోడ్, ప్రయోగశాల నివేదిక ముందునుంచీ ఉన్నవే. ఉగాండా ప్రమాణాల సంస్థ కోరే ముందస్తు తనిఖీ ఒక్కటే కొత్త. తనిఖీకి వచ్చినాయన ఒక డ్రమ్ము మూత తీయించి, లోపలి సంచి సీలును వేలితో తడిమి చూసి, బ్యాచ్ నంబరును మా జాబితాతో రెండుసార్లు సరిపోల్చుకున్నారు. ఉగాండాలో మన సరుకుకు సుంకం తగ్గించే ఒప్పందమేదీ లేదు కనుక, సరుకు ఏ దేశానిదో చెప్పే మూల ధ్రువపత్రం మామూలు రకానిదే తీసుకున్నాం. అటునుంచి వచ్చే సరుకులకు మాత్రం, ఉగాండా వంటి బాగా వెనుకబడిన దేశాలకు మనం 2008 నుంచి సుంకం మినహాయింపు ఇస్తున్నాం.

అసలు కష్టం కొనుగోలుదారు అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. ఆమె మా గుజ్జుతో పానీయం తయారు చేసి, కంపాలాలోనే కాక రువాండాలోనూ అమ్మాలనుకుంటున్నారు. ఆ పానీయం ఉగాండాలో తయారైన సరుకుగా లెక్కకు వస్తేనే పొరుగు దేశంలో సుంకం లేకుండా అమ్ముకోవచ్చు. లేకపోతే అది చిత్తూరు మామిడిగానే మిగిలిపోతుంది. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కామెసా కూటమి నిబంధనల్లో ఒకదాని ప్రకారం, బయటి నుంచి తెచ్చుకున్న ముడిసరుకు విలువ మొత్తం ముడిసరుకు ఖర్చులో 60 శాతం దాటకూడదు. ఆ విలువలో ఓడ కిరాయి, బీమా కూడా కలుస్తాయి. మా ఇన్వాయిస్‌లో అవి విడిగా లేవు, విడదీసి మళ్లీ పంపాను. ఇంకొక సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. గుజ్జుకూ, పండ్ల రసానికీ సుంకాల పట్టికలో ఉన్నది ఒకే అధ్యాయం, 20. నీళ్లూ చక్కెరా కలిపిన పానీయం 22వ అధ్యాయంలోకి వెళుతుంది. సరుకు స్వరూపం మారిందని ఒప్పుకోవడానికి అధ్యాయమే మారాలనే నిబంధన ఉన్నచోట, సీసా మీద రసమని రాస్తారా, పానీయమని రాస్తారా అన్నదానితోనే ఎంతో డబ్బు అటూ ఇటూ అవుతుంది.

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గురించి పత్రికల్లో చదివే ఉన్నాను. 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో 44 దేశాలు సంతకాలు చేశాయి, 2019 మేలో అమల్లోకి వచ్చింది, 2021 జనవరి 1న దాని కింద వ్యాపారం లాంఛనంగా మొదలైంది. ఎరిత్రియా తప్ప మిగిలిన ఆఫ్రికా దేశాలన్నీ ఇప్పటికి దాని మీద సంతకం చేశాయి. అంత పెద్ద ఒప్పందం నా బల్ల మీదికి వచ్చేసరికి, సరుకు ఎక్కడ పుట్టిందన్న ఒక్క ప్రశ్న అయి కూర్చుంది.

ఇంతలో మరో చిక్కు వచ్చింది. ఓడ బయలుదేరాక వచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రంలో, గమ్యం కెన్యా రేవు మొంబాసా అని మాత్రమే ఉంది. "ఇట్లుంటే సరుకు కెన్యాదే అనుకుంటారు సార్, ఉగాండాకు ట్రాన్సిట్ అని పడాల్సిందే" అన్నాడు చెన్నైలోని మా క్లియరింగ్ ఏజెంటు. ముసాయిదా వచ్చినప్పుడే నేను చూసి దిద్దించవలసింది. ఓడ కంపెనీ దాన్ని సవరించి ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ, సరుకు ఆలస్యంగా విడిపించుకుంటే రేవులో పడబోయే అదనపు రుసుము, డెమరేజీ, లెక్క వేసుకుంటూ గడిపాను.

కాగితం సరిపోయాక మాత్రం సరుకు కదిలిన తీరు చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. తూర్పు ఆఫ్రికా దేశాలు 2014 నుంచి కస్టమ్స్‌ను ఒకే ప్రాంతంగా నడుపుతున్నాయి: ఉగాండా సుంకం ముందే కట్టేస్తారు, కంటైనరుకు ఎలక్ట్రానిక్ సీలు వేస్తారు, మొంబాసా నుంచి కంపాలాకు దాదాపు 1,150 కిలోమీటర్ల దారిలో మలాబా సరిహద్దు దగ్గర రెండు దేశాల అధికారులూ ఒకేచోట కాగితాలు చూస్తారు. అది తెలిసినప్పుడు నాకు మన నరహరిపేట చెక్‌పోస్టు గుర్తుకు వచ్చింది. జీఎస్టీ రాకముందు, అంటే 2017కు ముందు, మద్రాసు వెళ్లే మా లారీలు అక్కడ బారులు తీరి గంటల తరబడి నిలబడేవి.

అయితే 2025 వేసవిలో నా అభిప్రాయం కొంత మారింది. ఆ ఏడాది తోతాపురి ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు అందేట్టు నిర్ణయించారు. పొరుగు రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి దాని మీద మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కాయలు కొనే ర్యాంపుల దగ్గర రాత్రంతా ట్రాక్టర్ల మీదే కాయలకు కాపలా పడుకున్న మా ఊరి రైతులను చూశాక, ఆ ఆంక్ష తప్పని వాళ్ల ముఖం మీద చెప్పడం నా వల్ల కాలేదు. ఆఫ్రికా ఒప్పందం 90 శాతం సరుకుల మీద సుంకం తీసేస్తూనే, 7 శాతాన్ని సున్నితమైనవిగా పక్కన పెట్టి నెమ్మదిగా తగ్గించుకోనిస్తుంది, 3 శాతాన్ని పూర్తిగా వదిలేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు అది ఒప్పందంలోని లోపమనుకున్నాను. ఇప్పుడు ఆ 10 శాతంలో ఏ దేశం ఏ పంటను పెట్టుకుందో ముందుగా చూస్తున్నాను.

కంపాలా నుంచి రెండో ఆర్డరు వచ్చింది. ఈసారి ఇన్వాయిస్‌లో కిరాయి, బీమా విడివిడిగా రాశాను. బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదాలో గమ్యం గడిని ఏజెంటుతో ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చదివించుకున్న తర్వాతే కంటైనరును చెన్నైకి పంపాం.