శివశంకరీ కాదు, పుష్పవిలాపం

ప్రతి ఏడూ ఫిబ్రవరి 11న, ఘంటసాల వర్ధంతికి, మా కాలనీలో పాటల కార్యక్రమం పెడతాం. ఏ పాట ఎవరు పాడాలన్నది తేలిగ్గానే తేలిపోతుంది. ఆఖరి పాట దగ్గరే వాదన. అది ఆయన సంతకంలా ఉండాలి, విన్నవాళ్ళు దాంతోనే ఇంటికెళ్ళాలి.

"శివశంకరీ తప్ప ఇంకోటి పెడితే జనం ఊరుకుంటారట్రా?" అంటాడు బాబాయి. ఆయన మాట తీసేయలేం. జగదేకవీరుని కథ 1961లో వచ్చింది. ఇవాళ్టికీ ఏ కుర్రాడైనా తన గొంతు సత్తా చూపించాలంటే దర్బారీ కానడ రాగంలోని ఆ పాటనే ఎత్తుకుంటాడు. కానీ ఆ బాణీ పెండ్యాల నాగేశ్వరరావుగారిది. అది ఘంటసాల సంతకం అన్నామంటే పెండ్యాలకు అన్యాయం చేసినట్టే. 'కుడి ఎడమైతే' అన్నా అంతే, అది సుబ్బరామన్ కట్టిన పాట.

నా లెక్క వేరు. ఘంటసాల పాడినవాడే కాదు, బాణీలు కట్టినవాడు కూడా. అలాంటప్పుడు రెండూ ఆయనవే అయిన దాన్ని వెతకాలి. 'లాహిరి లాహిరి' అందామంటే, మాయాబజార్‌కి సంగీతం ఆయన పేరు మీదే ఉన్నా ఆ వరస సాలూరి రాజేశ్వరరావుగారు కట్టి వెళ్ళిందని చెబుతారు. పాతాళభైరవిలో 'కలవరమాయె మదిలో' ఆయన బాణీయే, నాకు ప్రాణం కూడా. అయితే అందులో సగం పి.లీలది.

భగవద్గీత మాటేమిటని మా ఆవిడ అడిగింది. నిజమే, ఆయన చివరి రోజుల్లో చేసిన పెద్ద పని అది. దాన్ని ఇప్పుడు చావింట్లోనే వేస్తున్నారు. ఆ గొంతు వినపడగానే "ఎవరు పోయారో" అని జనం వీధిలోకి తొంగి చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. అంత పెద్ద గాయకుడి గుర్తు శవం పక్కన మోగే క్యాసెట్ కాకూడదు.

అందుకే నా ఓటు పుష్పవిలాపానికి. సినిమా కాదు, అసలు పాటే కాదు, పద్యాలు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు రాశారు, ఘంటసాల తనే వరస కట్టి పాడారు.

మొదటి పద్యమే తీసుకోండి. 'నేనొక పూలమొక్క కడ నిల్చి' అని మొదలవుతుంది. అది ఉత్పలమాల. ఛందస్సు ప్రకారం మొదటి పాదం 'కొమ్మ వంచి గో' దగ్గర ఆగిపోతుంది, 'రానెడు నంతలోన' రెండో పాదంలోకి వెళ్తుంది. పాత నాటకాల పద్ధతిలో పాదం చివర రాగం తీస్తే ఆ 'గో' మీదే తీయాలి, మాట రెండు ముక్కలవుతుంది. ఘంటసాల అలా చేయరు. 'కొమ్మ వంచి' అని ఆగి, 'గోరానెడు నంతలోన' అని ఒక్క ఊపులో అంటారు. చదువు రానివాళ్ళకు కూడా ఆ చేయి పువ్వు మీదికి వెళ్తున్నట్టు తెలిసిపోతుంది. 'మా ప్రాణము తీతువా' అన్నప్పుడు పువ్వులే నిలదీస్తున్నాయి. రాగం ఎక్కడ వస్తే అర్థానికి బలమో అక్కడే వస్తుంది, పని అవగానే తప్పుకుంటుంది. పద్యమంటే పండితుల సొత్తు అనుకునే మా నాయనమ్మకు ఈ పద్యాలు నోటికొచ్చు. రేడియోలో విని నేర్చుకుంది.

విజయనగరం సంగీత కళాశాలలో చదివే రోజుల్లో ఆయన మధూకరం ఎత్తుకుని, అంటే ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని, కడుపు నింపుకున్నారు. శాస్త్రం అంత కష్టపడి నేర్చుకున్న మనిషి, పద్యం దగ్గరికొచ్చేసరికి ఆ విద్యనంతా మాట వెనక నిలబెట్టారు. అలా చేయడానికి ఎంత నిబ్బరం కావాలి! మిగతా పాటల్లో ఆయన గొంతు గొప్పదనం తెలుస్తుంది. ఇందులో ఆయన ఏం కోరుకున్నారో కూడా తెలుస్తుంది.

ఈసారి శివశంకరీ చివరి నుంచి రెండోది. బాబాయి ఒప్పుకున్నాడు, ఇష్టంగా కాదు. పుష్పవిలాపం మా పక్కవీధి డిగ్రీ అమ్మాయి పాడుతుంది. కీబోర్డు వద్దని, హార్మోనియం ఒక్కటే చాలని చెప్పాను.