మూడో గుండీ

నిద్ర పట్టడం లేదు, రాసేసి పడుకుంటాను. పొద్దున తమ్ముడు నాన్న చొక్కాకి గుండీలు పెట్టేశాడు. విషయం ఇంతే. దానికే రోజంతా వాడితో ముభావంగా ఉన్నాను.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే జబ్బు చేశాక రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే ఆవిడ, మొదటిరోజు నాన్నని అడిగిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. కుడి చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూస్తారనుకున్నాం. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "మీ అంతట మీరు ఏ పని చేసుకోవాలనుంది?" అన్నారు. నడవాలంటారనుకున్నాను. నాన్న చాలాసేపు మాట కూడదీసుకుని "చొక్కా" అన్నారు. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి చొక్కా తొడిగింది నేనే. బాగా చూసుకుంటున్నాననే అనుకున్నాను.

ఆవిడే అంతా నేర్పారు. పాదాలు నేలకి ఆనేలా కుర్చీలో కూర్చోవాలి. చొక్కా ఒళ్లో పరుచుకుని, ముందు పడిపోయిన చెయ్యి దూర్చాలి. విప్పేటప్పుడు అది ఆఖర్న. గుండీలు కిందనుంచి పైకి పెట్టుకుంటే వరస తప్పదు. లావు పిడికి తీగ చుట్టు బిగించిన ఒక కొక్కెం ఇచ్చారు. దాన్ని కాజాలో దూర్చి, గుండీని పట్టి ఇవతలికి లాగాలి. మూడో గుండీ దగ్గర అది ఎప్పుడూ జారిపోతుంది. నాన్న పై పెదవి మీద చెమట పడుతుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. అలా ఊరికే నిలబడటం ఎంత కష్టమో వారానికోసారి వచ్చే వాడికేం తెలుసు? "పాపం, ఆయన్నెందుకు ఇబ్బంది పెడతావ్" అంటాడు. రెండు నిమిషాల్లో పెట్టేసి, పెద్ద సాయం చేసినట్టు నా వైపు చూశాడు. ఐదు నెలల కష్టం అది!

ఇదంతా రాశాక ఇంకోటి కూడా రాయాలి. రాత్రి అమ్మ చెప్పింది, వాడిని అడిగింది నాన్నేనట. "ఇవాళ నువ్వు పెట్టు, సాయంత్రం మొక్కలకి నీళ్లు పోయాలి" అన్నారట. నిజంగానే పోశారు, ఒక్కో మగ్గూ ఎడమ చేత్తో, అన్ని కుండీలకీ, మధ్యలో ఎక్కడా కూలబడకుండా. మామూలుగా నాలుగో కుండీకే కూర్చుండిపోయేవారు.

ఉన్న ఓపికని రోజంతటికీ సర్దుకోవాలని, ఏది తను చేసుకోవాలో ఏది ఇంకొకరికి వదలాలో ఆయనే ఎంచుకోవాలని కూడా ఆవిడ చెప్పారు. నేనే కాగితం మీద రాసుకున్నాను. గుర్తుపెట్టుకున్నది మాత్రం "చేసిపెట్టొద్దు" అన్న ముక్కే. 1917లో అమెరికాలో ఈ వృత్తికి సంఘం పెట్టినవాళ్లలో ఒకరైన జార్జ్ బార్టన్‌కి కూడా ఒకపక్క పడిపోయిందని ఆవిడ చెబితే, నాన్న ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ సంగతి తడబడుతూనే చెబుతారు. అలాంటి మనిషిని ఒక్కసారైనా "ఇవాళ మీరు పెట్టుకుంటారా, నన్ను పెట్టమంటారా" అని అడగలేదు నేను.

తమ్ముడు ఈపాటికి పడుకునుంటాడు. పొద్దున ఫోన్ చేస్తాను. కొక్కెం నాన్న మంచం పక్కన బల్ల మీద పెట్టాను, ఆయన ఎడమ చేతికి అందేలా.