ఊపిరికి అడ్డుపడే రక్తనాళాలు

పుట్టిన కొద్ది వారాలకే మొదలైన పిల్లికూతలు పాలు తాగేటప్పుడు ఎక్కువవుతూ, నెబ్యులైజర్ పెట్టినా తగ్గకపోతే, ఉబ్బసమని సరిపెట్టుకోకుండా బిడ్డ ఛాతీలోని రక్తనాళాలను ఒకసారి చూడాలి. తిరుపతిలో రేడియాలజిస్టుగా పనిచేస్తున్న నేను పీలేరు, పలమనేరు వైపుల నుంచి వచ్చే తల్లులు ఈ లక్షణాలే చెప్పినప్పుడు మరికొన్ని ప్రశ్నలు అడగకుండా ఉండలేను.

గర్భంలో తొలి వారాల్లో బృహద్ధమనికి, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే ప్రధాన ధమనికి, కుడి ఎడమల రెండు వంపులు ఉంటాయి. సాధారణంగా కుడివైపుది వెనుక భాగంలో కరిగిపోయి, ఎడమది మిగులుతుంది. రెండూ మిగిలిపోతే అవి శ్వాసనాళాన్ని, అన్నవాహికను కలిపి ఉంగరంలా చుట్టేస్తాయి. ఈ బిగింపును శస్త్రచికిత్సతో విడిపించవచ్చునని బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1945లోనే నిరూపించారు. ఊపిరితిత్తులకు వెళ్లే ఎడమ ధమని కుడిదాని నుంచి పుట్టి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్యగా దూరి వెళ్లడం మరొక లోపం. అలాంటి బిడ్డల్లో చాలామందికి శ్వాసనాళం కూడా సన్నగానే ఏర్పడుతుంది కనుక గాలి దారిని సైతం కొలవాలి.

ఎకో పరీక్ష గుండె గదులను చక్కగా చూపుతుంది గానీ, గాలి నిండిన శ్వాసనాళం వెనుక ఉన్నది దానికి అందదు. సీటీ ఆ కొరత తీరుస్తుంది. వేగవంతమైన యంత్రాలపై స్కాన్ క్షణాల్లో పూర్తవుతుంది కాబట్టి, తల్లి జోకొట్టి పడుకోబెడితే చాలామంది పసివాళ్లకు మత్తుమందు అవసరం రాదు. వోల్టేజీని 70 లేదా 80 కిలోవోల్టులకు తగ్గించి రేడియేషన్‌ను అదుపులో ఉంచుతాం.

సీటీలో రక్తనాళాలు స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిలో బరువుకు 1.5 నుంచి 2 మిల్లీలీటర్లు చాలు. సూది ఏ చేతికి పెడుతున్నామన్నదే అంతకంటే ముఖ్యం. ఎడమ చేతి నుంచి ఎక్కించిన చిక్కని మందు బృహద్ధమని కొమ్మల ముందుగా సాగుతూ చిత్రంపై చారలు పడేలా చేస్తుంది కాబట్టి, సందేహం వంపు మీదైతే కుడి చెయ్యే మేలు. ఎడమవైపు అదనపు మహాసిర (పై శరీరం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) ఉందేమోనన్న అనుమానం ఉంటే మాత్రం ఎడమ చేతినే ఎంచుకోవాలి.

ఒక్కోసారి రెండు వంపుల్లో ఒకదానిలో కొంత భాగం మూసుకుపోయి, మందు పారని పీచు కణజాలంగా మిగులుతుంది. అది సీటీలో కనిపించదు. అప్పుడు మెడ మొదట్లోని అడ్డకోతను నిదానంగా చూడాలి. అక్కడ నాలుగు ధమనులు శ్వాసనాళానికి ఇరువైపులా రెండేసి చొప్పున సమానంగా అమరి ఉంటే, కనిపించని వంపు ఉన్నట్టే అనుమానించాలి.

ఇలాంటి గుండె, రక్తనాళాల లోపాలున్న బిడ్డల కోసం 2021లో తిరుపతిలోనే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది. సర్జన్ సాధారణంగా చిన్న వంపునే కత్తిరిస్తారు, ఎక్కువమందిలో అది ఎడమది. కాబట్టి ఏది చిన్నదో, శ్వాసనాళం ఎక్కడ, ఎంత మేర నొక్కుకుపోయిందో మా రిపోర్టు మొదటి వాక్యాల్లోనే ఉండాలి.