గట్టిమేళం మోగే క్షణం

పెళ్ళిపందిట్లో వెనుక వరుసల్లో కూర్చున్నవారికి పీటల మీద ఏం జరుగుతోందో సాధారణంగా కనిపించదు, ఫోటోలు తీసేవారి వీపులు తప్ప. పురోహితుడు చదివే మంత్రాలు అర్థమయ్యేవారు వారిలో పదిమంది ఉన్నా గొప్పే. అయినా సరిగ్గా తాళి కట్టే సమయానికి అందరూ మాటలు ఆపి, అక్షింతలు పట్టుకుని లేచి నిలబడతారు. అప్పటిదాకా తాపీగా సాగుతున్న సన్నాయి, పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అనగానే ఉధృతమై, డోలు దరువుతో పందిరంతా దద్దరిల్లుతుంది. ఆ సమయంలో ఎవరి తుమ్మూ, ఏ పసివాడి ఏడుపూ, ఏ అపశకునపు మాటా వధూవరుల చెవిన పడకూడదనే మేళాన్ని అంత గట్టిగా వాయిస్తారని మా పెద్దలు చెప్పేవారు.

సమాజంలో సంగీతం పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ మేళమే. కచేరీలో సంగీతాన్ని వినడానికే వెళతాం, నచ్చకపోతే లేచి వస్తాం. పెళ్ళిలో మేళాన్ని పనిగట్టుకుని వినేవారు తక్కువ, కాని ఆ వేడుకంతా దాని మీదే నడుస్తుంది. ఎదురుకోలు మొదలు అప్పగింతల దాకా ఏ ఘట్టం నడుస్తోందో వంటశాలలో ఉన్నవారికి సైతం మేళమే చెబుతుంది. మా ఊళ్ళో డప్పుదీ అదే తీరు: వీధి చివర దరువు వినగానే అది ఊరేగింపో, శవయాత్రో ఇంట్లో కూర్చున్నవారు పోల్చుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం మా బాబాయిగారి అమ్మాయి పెళ్ళిలో నాకు మేళగాళ్ళ పక్కనే చోటు దొరికింది. డోలు వాయించే ఆయన ఒక చేతి వేళ్ళకు గట్టి తొడుగులు వేసుకుని, రెండో చేత్తో పుల్ల పట్టుకున్నాడు. నాదస్వరానికి దారంతో కట్టిన అదనపు పీకలు వేలాడుతున్నాయి. విద్వాంసుడు మధ్యమధ్య ఒకటి తీసి నోట్లో తడిపి బిగించుకునేవాడు. ఎంత క్లిష్టమైన సంగతి వేస్తున్నా ఆయన చూపు మాత్రం మంటపం మీద నుంచి మరలలేదు. అడిగితే, "పంతులుగారి చెయ్యే మాకు తాళమండీ" అన్నాడు.

ఆయన ముస్లిం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలవారికి ఇందులో వింతేమీ లేదు. అక్కడ తరతరాలుగా గుడి సేవలకూ, పెళ్ళిళ్ళకూ నాదస్వరం ఊదుతున్న ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో వాయించి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మత సామరస్యం గురించి మనం ఉపన్యాసాలు చాలానే విన్నాం కాని, మన ఇళ్ళలో తాళి కట్టే వేళకు ఊపిరి పోసిన ఈ మనుషులను ఆ ఉపన్యాసాల్లో తలుచుకున్నవారు నాకు పెద్దగా తారసపడలేదు.

ఇటీవల మరో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. ఖర్చు తగ్గుతుందని మేళగాళ్ళను మానేసి, రికార్డు చేసిన గట్టిమేళాన్ని ఫోనులో ఉంచి, స్పీకర్లకు తగిలించి ఒక కుర్రవాడికి అప్పగించారు. వాయిద్యం శ్రావ్యంగానే ఉంది, అపస్వరమన్నది లేదు. అయితే ఫోను పంతులుగారి చెయ్యి చూడలేదు కదా. ఆయన రెండుసార్లు "మేళం, మేళం" అని కేకవేసినా, ఆ కుర్రవాడు మీట నొక్కిన తరువాత ముందుగా ఏదో ప్రకటన మోగింది. అది ముగిసేసరికి మూడు ముళ్ళూ పడ్డాయి. వెనుక వరుసలో మా పెద్దమ్మ గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. "అదేమిటిరా, కట్టేశాడా? మేళం వినపడలేదే!" అంది.